గంజాయి వనంలో తులసి మొక్క

తెలుగువాడికి గంజాయి మీదున్న అభిప్రాయమంతా ఒక్క నానుడిలో ఇమిడి ఉంది. చెడ్డవాళ్ళ నడుమ పుట్టి పెరిగిన మంచివాణ్ణి 'గంజాయి వనంలో తులసి మొక్క' అంటాం. పురాణం చెప్పేవారి నోట ప్రహ్లాదుడికీ విభీషణుడికీ ఈ పోలిక తరచుగా దక్కుతూ ఉంటుంది. గంజాయి అంటే పాపం, తులసి అంటే పుణ్యం. మధ్యలో మరో మాటకు చోటు లేదు. మన పత్రికల్లోనూ ఈ మొక్క పేరు కనబడేది నేరవార్తల పుటలోనే. చెక్‌పోస్టు దగ్గర లారీ పట్టుబడిందనో, విశాఖ మన్యంలో తోటలు నరికారనో చదువుతాం. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరిట మన్యంలో వేల ఎకరాల పంటను ధ్వంసం చేశారు. ఆ వార్తలు చదివిన వారిలో ఎవరికైనా ఈ మొక్కకు వైద్యంతో ఒక సంబంధం ఉందని తోచి ఉంటుందా అన్నది నా సందేహం.

నానుడిలో గంజాయి వేరు, తులసి వేరు. రసాయన శాస్త్రజ్ఞులు ఇరవయ్యో శతాబ్దంలో కనుగొన్నది ఇంతకంటె చిత్రమైన సంగతి. మత్తెక్కించే పదార్థమూ, మత్తు ఏ మాత్రమూ ఎక్కించకుండా మందుగా పనికివచ్చే పదార్థమూ ఒకే మొక్కలో, ఒకే పూగుత్తి మీద, ఒకే బంకలో పక్కపక్కన ఉంటాయి. మొదటిదాని పేరు టెట్రాహైడ్రోకానబినాల్, క్లుప్తంగా టీహెచ్‌సీ. రెండోదాని పేరు కానబిడయాల్, క్లుప్తంగా సీబీడీ. ఈ రెండోదాన్ని మొక్కలోంచి విడదీసింది 1940లో. అది కొందరు పిల్లల్లో ఫిట్స్ తగ్గిస్తుందని రుజువై, మందుగా అనుమతి పొందింది 2018లో. నడుమ గడిచినవి 78 ఏళ్ళు. ఇంత ఆలస్యం ఎందుకయింది అన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. నేను వైద్యుణ్ణి కాను. వైద్యచరిత్ర ఇష్టంగా చదువుకునే వాణ్ణి మాత్రమే. కనుక దీన్ని చరిత్రగానే చదవమని మనవి.

* * *

కథ మన దేశంలోనే మొదలవుతుంది. విలియం బ్రూక్ ఓషానెసీ అనే ఐరిష్ వైద్యుడు 1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తా చేరాడు. అప్పటికే అతడికి కొంత పేరుంది. ఇంగ్లండులో కలరా చెలరేగినప్పుడు రోగుల నెత్తురును పరీక్షించి, అందులోంచి నీరూ లవణాలూ పోతున్నాయని తేల్చినవాడు. నరంలోకి సెలైన్ ఎక్కించే చికిత్సకు దారి చూపినవాడు. 1835లో కలకత్తా మెడికల్ కాలేజీ నెలకొన్నప్పుడు అందులో రసాయన శాస్త్రాచార్యుడయ్యాడు. దరిమిలా ఈ దేశానికి టెలిగ్రాఫు తీగలు వేయించి 'సర్' బిరుదు పొందిన ఓషానెసీ కూడా ఇతడే.

ఓషానెసీ గంజాయి మీద పరిశోధన మొదలుపెట్టిన తీరు నాకు ముచ్చట గొలుపుతుంది. ముందు ఈ నేల మీది వాళ్ళకు ఏం తెలుసో అడిగాడు. పండితులనూ హకీములనూ ఆశ్రయించి సంస్కృత, పారశీక, అరబ్బీ గ్రంథాల్లో ఈ మొక్క గురించి ఏమున్నదో రాబట్టాడు. ఆయనకు సహకరించిన వారిలో మధుసూదన గుప్త ఒకరు. 1836లో కలకత్తాలో శవపరీచ్ఛేదం చేసి సంచలనం కలిగించిన వైద్యుడు ఆయనే. తరవాత ఓషానెసీ బజారులో భంగు, గంజాయి, చరస్సు ఎలా తయారవుతాయో తెలుసుకున్నాడు. మాజూను అనే మిఠాయికి ఆకును నీటితోనూ నేతితోనూ కలిపి ఉడికించి, సారమంతా నెయ్యిలోకి దిగాక వాడతారని నమోదు చేశాడు. ఈ నెయ్యి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అటుపిమ్మట జంతువుల మీద ప్రయోగించాడు. కుక్కలు, పిల్లులు, కాకులు, రాబందులు, చేపలు మత్తులో తూగాయి; గుర్రాలు, మేకలు, ఆవులు పెద్దగా చలించలేదు. ఆ తరవాతే రోగుల వంతు వచ్చింది. కీళ్ళవాతం, ధనుర్వాతం, కలరా, పిచ్చికుక్క కాటు, ఇలా ఒక్కొక్కదానికీ గంజాయి బంకనో, దాన్ని సారాయిలో కరిగించిన టింక్చరునో ఇచ్చి చూశాడు. కీళ్ళవాతపు రోగి ఒకడు మందు పుచ్చుకున్న కొన్ని గంటలకు కొయ్యబారిపోయాడు. అతడి చేతిని ఎవరు ఎక్కడ ఎత్తి వదిలితే అది అక్కడే నిలిచిపోయేది. పిచ్చికుక్క కరిచిన రోగికి బాధ ఉపశమించింది కానీ ప్రాణం దక్కలేదు. ఆ వైఫల్యాన్ని ఓషానెసీ దాచలేదు. రోగం కుదర్చలేకపోయినా రోగి చివరి రోజుల భయానకాన్ని తగ్గించగలగడం కూడా వైద్యుడికి ఒక విజయమేనని భావించాడు.

1839లో అచ్చయిన ఆ పత్రంలో నా కథకు ముఖ్యమైన రోగి నలభై రోజుల ఆడశిశువు. కలకత్తాలోని ఒక ఇంగ్లీషు దంపతుల బిడ్డ. సెప్టెంబరులో ఈడ్పులు మొదలై రోజురోజుకూ ముదిరాయి. జలగలు పట్టించడం మొదలుకొని ఆనాటి వైద్యానికి తెలిసిన ఉపాయాలన్నీ అయిపోయాయి. అప్పుడు ఓషానెసీ గంజాయి టింక్చరు చుక్కలు పోయించాడు. మొదట అతిస్వల్పంగా, తరవాత క్రమంగా పెంచుతూ. ఈడ్పులు ఆగాయి, బిడ్డ కోలుకుని బొద్దుగా తయారైంది. దరిమిలా ఓషానెసీ ఈ మొక్క ఈడ్పులకు గొప్ప మందు అని ప్రకటించాడు.

* * *

1841లో ఓషానెసీ లండను వెళ్ళినప్పుడు గంజాయిని వెంట తీసుకుపోయాడు. పీటర్ స్క్వయర్ అనే ఔషధకర్త దాని సారం తీసి టింక్చరుగా అమ్మాడు. అది యూరప్‌లోనూ అమెరికాలోనూ మందుల షాపులకెక్కింది. 1850లో అమెరికా ఔషధసంహితలో చోటు సంపాదించింది. మరి అర్ధశతాబ్దం తిరిగేసరికి వైద్యులు దాన్ని వదిలిపెట్టడం ఎందుకు మొదలెట్టారు?

చట్టాలు రాకముందే వచ్చిన కారణం ఒకటుంది: కొలత. నల్లమందులోంచి మార్ఫీన్‌ను పందొమ్మిదో శతాబ్దపు ఆరంభంలోనే విడదీశారు. తెల్లని పొడి, ఇంత తూకానికి ఇంత బలం. నీటిలో కరిగించి సూదిమందుగా ఎక్కించవచ్చు. గంజాయి సారమో, నల్లటి జిగట పదార్థం. నీటిలో కరగదు. ఒక సీసాలోది రోగిని తూలిస్తుంది, మరో సీసాలోది చీమ కుట్టినట్టయినా అనిపించదు. పంట ఎక్కడ పండిందో, ఓడలో ఎన్ని నెలలు మగ్గిందో దాన్నిబట్టి బలం మారిపోయేది. అసలు పనిచేసే సరుకేదో తెలియని మందును ఏ వైద్యుడు నమ్మకంగా రాసివ్వగలడు?

ఆ సరుకు కోసం వేట సాగకపోలేదు. 1890లలో కేంబ్రిడ్జిలో వుడ్, స్పివీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే ముగ్గురు భారతదేశపు చరస్సులోంచి ఒక పదార్థాన్ని తీసి దానికి 'కానబినాల్' అని పేరు పెట్టారు. మత్తుకు మూలం అదే అనుకున్నారు. నిజానికి అది టీహెచ్‌సీ నిలవుండి చెడగా మిగిలే అవశేషం. అదే దశాబ్దంలో బ్రిటిషు ప్రభుత్వం నియమించిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ మన దేశమంతా తిరిగి, వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి, 1894లో నివేదిక ఇచ్చింది. మితంగా వాడేవారికి చెప్పుకోదగ్గ హాని కనబడలేదనీ, పూర్తి నిషేధం అవసరం లేదనీ దాని సారాంశం. ఆ నివేదిక చదివినవారు తక్కువ, పక్కన పెట్టినవారు ఎక్కువ.

1937లో అమెరికా గంజాయి మీద పన్ను చట్టం తెచ్చి వాడకాన్ని దాదాపు అసాధ్యం చేసింది. 1942లో అది ఔషధసంహితలోంచి కూడా జారిపోయింది. ఈ రెండు తేదీల నడుమ, 1940లో, ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో రోజర్ ఆడమ్స్ మినెసోటాలో పెరిగిన అడవి జనుము జాతి గంజాయి మొక్క సారంలోంచి కానబిడయాల్‌ను విడదీశాడు. అంటే ఇల్లు తలుపులు మూసుకుంటున్న వేళ పెరట్లో నిక్షేపం దొరికిందన్నమాట. ఆడమ్స్‌కు ఇంకో సంగతీ తెలిసింది. ఈ పదార్థానికి మత్తు లేదు. కానీ ఆమ్లంతో చర్య జరిపిస్తే మత్తునిచ్చే పదార్థంగా మారుతుంది. ఆ కాలపు పరిశోధకులందరూ వెతుకుతున్నది మత్తుకు కారణం. మత్తు లేని దాని మీద ఎవరికి ఆసక్తి ఉంటుంది? కానబిడయాల్ దారిలో అడ్డు తగిలిన రాయిలా పక్కన పడి ఉంది.

మొక్కకున్న పేరే దానిలోని మందును మరుగుపరచింది. నా ఆలస్యపు ప్రశ్నకు దొరికిన సమాధానంలో సగం ఇదే.

* * *

రాయిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నవాడు రఫాయెల్ మెషూలం. 1930లో బల్గేరియాలోని సోఫియాలో పుట్టి, 1949లో ఇజ్రాయెల్ చేరిన యూదుడు. మార్ఫీన్ సంగతి తెలుసు, కొకెయిన్ సంగతి తెలుసు, గంజాయి రసాయనం మాత్రం ఇంకా తేలలేదేమిటన్న కుతూహలంతో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో పని మొదలుపెట్టాడు. సరుకు కావాలిగదా. పోలీసులు పట్టుకున్న అయిదు కిలోల హషీషును అడిగి తీసుకుని, సంచిలో పెట్టుకుని బస్సెక్కి ప్రయోగశాలకు తెచ్చాడు. తోటి ప్రయాణికులు ఆ వాసన ఏమిటా అని అటూ ఇటూ చూశారట. ఈ ముచ్చట ఆయనే చాలామందికి చెప్పాడు.

1963లో మెషూలం బృందం కానబిడయాల్ నిర్మాణాన్ని సరిగ్గా తేల్చింది. మరుసటి ఏడాది యెహియెల్ గావోనీతో కలిసి టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేసి దాని రూపమూ చెప్పాడు. వేమూరి వేంకటేశ్వరరావు గారు తమ రచనల్లో వాడే 'బణువు' అన్న మాట నాకు ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. ఈ రెండు బణువుల్లోనూ ఉన్నవి సరిగ్గా అవే అణువులు: కార్బన్ 21, హైడ్రోజన్ 30, ఆక్సిజన్ 2. బరువూ ఒకటే. టీహెచ్‌సీలో ఒక వలయం మూసుకుని ఉంటుంది, సీబీడీలో అదే చోట తెరుచుకుని ఉంటుంది. అంతే తేడా. ఒకే తల్లి కడుపున పుట్టిన కవలల్లో ఒకడు తప్పతాగి వీథిన పడితే, రెండోవాడు ఇంటిపట్టున ఉండి పని చేసుకుపోయినట్టు.

ఈ రెండోవాడికి ఫిట్స్ ఆపే గుణం ఉందని 1970లలో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు ఎలుకల్లో చూశారు. ఆ బృందాలలో సావో పాలోలోని ఎలిసాల్దో కార్లినీది ముఖ్యమైన పేరు. కార్లినీ, మెషూలం తదితరులు కలిసి 1980లో మనుషుల మీద జరిపిన పరీక్షను ప్రకటించారు. మామూలు మందులకు లొంగని మూర్ఛరోగులు 15 మంది. వారిలో ఎనిమిదిమందికి రోజుకు 200 నుంచి 300 మి.గ్రా. కానబిడయాల్, ఏడుగురికి ఉత్తుత్తి మాత్ర, పాతమందులు యథాతథం. నాలుగున్నర నెలల వరకూ సాగిన ఆ పరీక్షలో కానబిడయాల్ పుచ్చుకున్న ఎనిమిదిమందిలో నలుగురికి ఫిట్స్ దాదాపు ఆగిపోయాయి, ముగ్గురికి కొంత తగ్గాయి, ఒకరికి ఫలితం లేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న ఏడుగురిలో మెరుగైనది ఒక్కరే.

పదిహేనుగురు చాలా చిన్న సంఖ్య. ఇంతమాత్రాన రుజువైందనకూడదు. కానీ వెనువెంటనే ఎవరో ఒకరు నూటయాభై మంది మీద పరీక్షించి ఉండవలసిన సంగతి ఇది. మూడు దశాబ్దాలపాటు ఎవరూ ఆ పని చేయలేదు. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం గంజాయిని అత్యంత కఠినమైన జాబితాలో చేర్చి ఉంది. అమెరికా 1970లో, మన దేశం 1985లో తమ తమ చట్టాలు చేసుకున్నాయి. ఆ ముప్ఫై ఏళ్ళలో మందులకు లొంగని మూర్ఛతో ఎందరు పిల్లలు పుట్టి పెరిగి ఉంటారో, ఎన్ని ఇళ్ళలో తల్లులు రాత్రి తెల్లవార్లూ బిడ్డ ఊపిరి వింటూ కూర్చుని ఉంటారో ఆలోచిస్తే, చరిత్ర పుస్తకంలో ఖాళీగా కనబడే ఈ పేజీ చాలా బరువైనది. ఈ పరీక్షను ఎవరూ కొనసాగించలేదన్న బాధను మెషూలం ముసలితనంలో కూడా పైకి చెప్పుకుంటూనే ఉన్నాడు. 2023లో ఆయన కన్నుమూశాడు.

* * *

ఆ విరామంలో మెదడు గురించిన జ్ఞానం మాత్రం ఊరుకోలేదు. 1988లో అమెరికాలో ఆలిన్ హౌలెట్, విలియం డివేన్ మెదడులో టీహెచ్‌సీ కూర్చునే పీటను, అంటే గ్రాహకాన్ని, గుర్తించారు. దాని పేరు సీబీ1. రెండేళ్ళ తరవాత దాని జన్యువూ, 1993లో రోగనిరోధక కణాల్లో ఎక్కువగా కనబడే సీబీ2 అనే మరో గ్రాహకమూ దొరికాయి. గ్రాహకం దొరికాక ఒక ప్రశ్న తప్పదు. ఎక్కడో కొండల్లో పెరిగే మొక్క కోసమని మన మెదడు పీట వేసుకుని కూర్చోదుగదా! దాని మీద కూర్చోవలసిన సొంత మనిషి ఎవరు?

1992లో జెరూసలేంలో మెషూలం, డివేన్, లూమీర్ హనూష్ పందిమెదడులోంచి ఆ పదార్థాన్ని తీశారు. దానికి పెట్టిన పేరు 'అనందమైడ్'. మన 'ఆనందం' అన్న మాటే, సంస్కృతం నుంచి ఏరికోరి తెచ్చుకున్నది. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి చదివినవారు ఆ ఎంపికకు చిరునవ్వు నవ్వకుండా ఉండలేరు.

అనందమైడ్ చేసే పని సులువుగానే చెప్పవచ్చు. ఒక నాడీకణం రెండోదానికి కబురు పంపుతుంది. కబుర్లు మితిమీరితే, అందుకుంటున్న కణం తన పొరలోని కొవ్వులోంచి అనందమైడ్ వంటి పదార్థాన్ని అప్పటికప్పుడు తయారుచేసి వెనక్కి పంపుతుంది. అది మొదటి కణం మీది సీబీ1 మీద కూర్చుని 'ఇక చాలు' అంటుంది. పని కాగానే ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. అవసరమైన చోట, అవసరమైన క్షణంలో పుట్టి మాయమయ్యే ఏర్పాటు ఇది. టీహెచ్‌సీ ఈ పీట మీద పిలవని పేరంటంగా వచ్చి, మెదడంతటా ఒకేసారి కూర్చుని, లేవదు. మత్తు అంటే అదే.

సీబీడీకి ఆ పీట మీద సరిగ్గా కుదరదు. అందుకే మత్తు లేదు. మరి అది ఎలా పని చేస్తుంది? ఒక్క తలుపు దగ్గర కాదు, నాలుగైదు తలుపుల దగ్గర. అనందమైడ్ విరిగిపోవడాన్ని అది కొంత నెమ్మదింపజేస్తుందని ప్రయోగశాలలో చూశారు. నాడీకణాలను ఉద్రేకపరచే జీపీఆర్55 అనే గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. గుంటూరు మిరపకాయ కొరికినప్పుడు నాలుక మీద మంట పుట్టించే గ్రాహకం ఒకటుంది, టీఆర్‌పీవీ1 అంటారు. దాన్ని ముందు తట్టి తరవాత మొద్దుబారుస్తుంది. అడినొసిన్ అనేది మెదడుకు విశ్రాంతి సంకేతం. కాఫీ మన నిద్రమత్తు వదిలించేది ఆ సంకేతాన్ని అడ్డుకునే. కాఫీకి ఎదురుదిక్కున సీబీడీ కణాల వెలుపల అడినొసిన్ మోతాదు పెరిగేలా చేస్తుంది. ఇవన్నీ కలిసి అదుపు తప్పిన నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గిస్తాయని ఇప్పటి అవగాహన. వీటిలో ఫిట్స్‌ను ఆపడంలో దేని వాటా ఎంతో శాస్త్రం ఇంకా తేల్చలేదు. మందుతో వచ్చే అధికారిక పత్రంలోనే ఆ మాట రాసి ఉంటుంది.

* * *

2013లో అమెరికాలోని కొలరాడోకు చెందిన ఒక చిన్నారి కథ టీవీలో వచ్చింది. డ్రావే సిండ్రోమ్ అనే దారుణమైన మూర్ఛరోగం. వారానికి సుమారు మూడువందల ఫిట్స్. సీబీడీ ఎక్కువగా, టీహెచ్‌సీ అతి తక్కువగా ఉన్న గంజాయి మొక్క నూనె ఇచ్చాక అవి అరుదైపోయాయి. ఆ కథ చూసి కొన్ని వందల కుటుంబాలు ఊళ్ళు వదిలి కొలరాడో చేరాయి. 1980 నాటి పత్రం చేయలేని పనిని తల్లిదండ్రుల ఆరాటం చేసింది. శాస్త్రజ్ఞులు కదిలారు.

2017లో డ్రావే సిండ్రోమ్ ఉన్న 120 మంది పిల్లలు, యువకుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. సగం మందికి శుద్ధ సీబీడీ, కిలో బరువుకు రోజుకు 20 మి.గ్రా. చొప్పున, సగం మందికి ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది అందుతున్నదో తల్లిదండ్రులకూ తెలియదు, వైద్యులకూ తెలియదు. సీబీడీ పుచ్చుకున్న వారిలో నెలకు ఫిట్స్ మధ్యగత సంఖ్య 12.4 నుంచి 5.9కి దిగింది. రెండో వర్గంలో 14.9 నుంచి 14.1కి. మరుసటి ఏడాది జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 'ఎపిడయోలెక్స్' పేరుతో దీన్ని డ్రావే, లెనాక్స్–గాస్టో అనే రెండు మూర్ఛరోగాలకు అనుమతించింది. 2020లో ట్యూబరస్ స్క్లిరోసిస్ వల్ల వచ్చే ఫిట్స్‌కు కూడా. అదే 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘం గంజాయిని 1961 నాటి అత్యంత కఠిన జాబితాలోంచి తప్పించింది.

ఈ అంకెల్లో నన్ను ఆపేవి రెండున్నాయి. సీబీడీ వర్గంలో ఫిట్స్ సగానికి సగమో అంతకన్నానో తగ్గినవారు నూటికి 43 మంది. ఉత్తుత్తి మందు వర్గంలో కూడా నూటికి 27 మంది! అంటే, ఏ మందూ లేకున్నా నలుగురిలో ఒకరికి గొప్ప మందు పనిచేసినట్టే కనిపిస్తుంది. రోగం తనంతట తాను ఎగసి తగ్గుతుంది. ఆశ తల్లి కంటిని కూడా ఏమారుస్తుంది. ఈ అంకె చూశాకే కలకత్తా పసిబిడ్డ దగ్గరికి వేరే కళ్ళతో వెళ్ళాలనిపించింది. ఓషానెసీ చూసింది నిజమే కావచ్చు. కానీ ఒక్క బిడ్డ. పసిపిల్లల ఈడ్పులు కొన్ని వాటంతట అవే సర్దుకుంటాయి. పైగా ఆ రోజుల బెంగాలు గంజాయి టింక్చరులో సీబీడీ ఎంతో, టీహెచ్‌సీ ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. 'మన పూర్వులకు సీబీడీ ముందే తెలుసు' అని ఆ బిడ్డను సాక్ష్యం తేవడం నాకు సమ్మతం కాదు. ఆమె ఒక ప్రశ్నను మనకు ఇచ్చింది. సమాధానం 120 మంది పిల్లల దగ్గర దొరికింది.

ఆలస్యానికి మిగతా సగం కారణం కూడా ఇక్కడే ఉంది. ప్రశ్నను సమాధానంగా పొరబడే ఉత్సాహం. నిషేధపు భయం ఎంత కళ్ళు మూసిందో, ఈ ఉత్సాహమూ ఈనాడు అంతే మూస్తోంది. సీబీడీ నూనె చుక్కలు నిద్రకనీ, నొప్పులకనీ, కాన్సరుకనీ, చివరికి కుక్కల బెంగకనీ అమ్ముడవుతున్నాయి. 2017లో అమెరికా పరిశోధకులు అంతర్జాలంలో 84 సీబీడీ సరుకులు కొని పరీక్షిస్తే, సీసా మీద రాసిన మోతాదు లోపల సరిగ్గా ఉన్నవి 26 మాత్రమే. 18 సీసాల్లో టీహెచ్‌సీ కూడా దొరికింది. స్క్వయర్ టింక్చరు నాటి జబ్బే ఇది, సీసా మారిందంతే.

మరి మూర్ఛ కాక తక్కిన ఉపయోగాల మాటేమిటి? కొన్ని చోట్ల ఆశకు తావుంది. సభలో మాట్లాడేటప్పటి ఆందోళన మీద బ్రెజిల్ వారు 2017లో ప్రకటించిన పరీక్షలో 300 మి.గ్రా. పని చేసింది; 100 గానీ 900 గానీ చేయలేదు. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ గుణం అన్న లోకన్యాయం ఇక్కడ చెల్లలేదు. స్కిజోఫ్రెనియా రోగులు 42 మంది మీద జర్మనీలో జరిగి 2012లో వెలువడిన పరీక్షలో సీబీడీ వాడుకలో ఉన్న ఒక మందుకు దీటుగా నిలిచింది. లక్షణాలు తగ్గినవారి నెత్తుటిలో అనందమైడ్ పెరిగి కనిపించింది. ఇవన్నీ చిన్న పరీక్షలు, 1980 నాటి సావో పాలో పరీక్ష వంటివి. నొప్పుల విషయంలో శుద్ధ సీబీడీకి ఆధారం ఇంకా పలచన.

అపాయం లేనిదా అంటే, కాదు. నిద్రమత్తు, విరేచనాలు, ఆకలి మందగించడం ఉంటాయి. కాలేయంలో ఇతర మందులను విరిచే ఎంజైములను సీబీడీ అడ్డుకుంటుంది. మూర్ఛకు వాడే క్లోబజామ్‌తో కలిస్తే దాని అవశేషం నెత్తుట్లో పేరుకుని బిడ్డ మగతలో పడవచ్చు. వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయపు పరీక్షలు తారుమారు కావచ్చు. వైద్యుడికి చెప్పకుండా ఫిట్స్ ఉన్న పిల్లలకు ఎవరో ఇచ్చిన నూనె చుక్కలు పోయడం, ఇస్తున్న మందు ఆపేయడం, రెండూ ప్రాణాంతకం కాగలవు.

గంజాయి, తులసి అనే రెండు కొసల మధ్య మన పాత వైద్యంలో ఒక మాట ఉంది. రసశాస్త్రకారులు గంజాయిని 'విజయ' అన్న పేరుతో ఉపవిషాల జాబితాలో చేర్చారు. ఉమ్మెత్త, నల్లమందు, గన్నేరు, జీడి, ముషిణి దాని సహచరులు. విషం అని విసిరేయలేదు. అమృతం అని నెత్తికెత్తుకోలేదు. శోధన చేసి, తూచి, రోగిని చూసి వాడమన్నారు. సీబీడీ గురించి 2018 తరవాత శాస్త్రం చెబుతున్న మాట దీనికి దూరమేమీ కాదు. సామెత కన్నా ఆ పారిభాషిక పదమే నాకు నిజానికి దగ్గరగా తోస్తుంది.

ఇక నెయ్యి సంగతి. సీబీడీ నీటిలో కరగదు. నోటి ద్వారా తీసుకున్నదాంట్లో నెత్తుటికి చేరేది బహుస్వల్పం; కొవ్వున్న భోజనంతో తీసుకుంటే నాలుగైదు రెట్లు ఎక్కువ చేరుతుంది. మాజూను వండినవారు నెయ్యి ఎందుకు పోశారో వారికి ఆ లెక్క తెలియదు, గుణం తెలుసు. నేడు పిల్లలకు ఇచ్చే మందులో సీబీడీని కరిగించి ఉంచేది నువ్వులనూనె. కొంచెం ఆల్కహాలు, స్ట్రాబెర్రీ వాసన, తీపి. మిల్లీలీటరుకు సరిగ్గా 100 మి.గ్రా. సీబీడీ. 1839లో ఓషానెసీ లెక్కపెట్టి పోయించినవి కూడా చుక్కలే. ఆ చుక్కలో ఏమున్నదో తెలుసుకోవడానికే మనకు ఇంత కాలం పట్టింది.